పాత్రల మధ్య పుట్టే హాస్యం: గుంటూరు–ప్రకాశం మైదానపు కథకులు

కథలోగానీ నవలలోగానీ నాటకంలోగానీ ఇద్దరు మనుషుల స్వభావాలు ఒకదానికొకటి తగిలినప్పుడు వచ్చే నవ్వును పాత్రగత హాస్యం అంటారు. శ్లేషనూ చమత్కారపు మాటనూ కథలోంచి తీసి ఎక్కడైనా చెప్పుకోవచ్చు. పాత్రగత హాస్యాన్ని అలా విడదీసి చెబితే చప్పబడిపోతుంది. మాట అన్నదెవరు, పడ్డదెవరు, ఇద్దరికీ వరస ఏమిటి, ఎన్నేళ్ల నుంచి కలిసి బతుకుతున్నారు అన్నవి పాఠకుడికి తెలియాలి. అప్పుడే ఆ మాట పండుతుంది.

తెలుగులో ఈ రకపు హాస్యం బాగా పండిన నేలల్లో గుంటూరు, ప్రకాశం మైదానం ఒకటి. ఒకవైపు పత్తి, మిర్చి, పొగాకు పండే నల్లరేగడి మెట్ట, మరోవైపు తెనాలి, వేమూరుల కాలవగట్టు మాగాణి. మునిమాణిక్యం నరసింహారావు, చక్రపాణి, డి.వి. నరసరాజు, భానుమతీ రామకృష్ణ, శ్రీరమణ పుట్టింది ఈ ప్రాంతంలోనే. ఎవరి శైలి వారిదే అయినా వీళ్లందరినీ కలిపే గుణం ఒకటుంది. ఒకరినొకరు వదిలి పోలేని మనుషుల మధ్యనే వీళ్లు నవ్వును వెతికారు. మొగుడూ పెళ్లాం, అత్తా కోడలు, యజమానీ పనివాడు, బామ్మా మనవడు. ఆ బంధం ఎంత గట్టిదైతే నవ్వు అంత లోతుగా దిగుతుందన్నది వీరి రచనలన్నీ కలిపి చదివితే తేలే సత్యం.

శాస్త్రం చెప్పినది

భరతుడి నాట్యశాస్త్రం ఆరో అధ్యాయం హాస్యానికి హాసాన్ని స్థాయీభావంగా చెప్పి, ఆ రసం శృంగారంలోంచి పుడుతుందంటుంది. మనుషుల మధ్య దగ్గరతనానికీ నవ్వుకూ చుట్టరికం ఉందని ఆ కాలానికే గుర్తించారన్నమాట. తాను నవ్వడం ఆత్మస్థమనీ, ఎదుటివారిని నవ్వించడం పరస్థమనీ భరతుడు రెండుగా విడదీశాడు. నవ్వును స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరు మెట్లుగా పేర్చాడు. మొదటి రెండూ ఉత్తమ పాత్రలవి, చివరి రెండూ అధమ పాత్రలవి. పాత్ర స్వభావాన్ని బట్టి నవ్వు మారుతుందన్న సూత్రం ఈ విభజనలోనే ఉంది.

ఫ్రెంచి తత్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్ 1900లో నవ్వు మీద రాసిన పుస్తకంలో, ప్రాణమున్న మనిషి యంత్రంలా ప్రవర్తించినప్పుడు మనకు నవ్వొస్తుందన్నాడు. పరిస్థితి మారినా తన పట్టు మార్చుకోని పాత్రను ఎరుగున్న పాఠకుడికి ఇది వెంటనే బోధపడుతుంది. అటువంటి పాత్ర ఒంటరిగా ఉంటే దాని మొండితనం బయటపడదు. దాన్ని కదిలించడానికి ఇంకో మనిషి కావాలి. సెర్వాంటిస్ 1605, 1615లలో రెండు భాగాలుగా వెలువరించిన డాన్ క్విక్సోట్‌కు సాంకో పాంజా తోడు అవసరమైంది అందుకే. ఆంగ్ల రచయిత ఉడ్‌హౌస్ కథల్లో యజమాని వూస్టర్‌కు పనివాడు జీవ్స్ ఉన్నదీ అందుకే.

జానపదంలో జంటలు

ఈ మైదానపు పల్లెల్లో తెల్లవార్లూ సాగిన తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధం మధ్యలో మొగుడూపెళ్లాలైన జుట్టుపోలిగాడూ బంగారక్కా వచ్చి పోట్లాడుకుంటారు. వాళ్ల మధ్యకు కేతిగాడు దూరి తగవు పెంచుతాడు. పురాణ పాత్రలు పద్యాల్లో మాట్లాడుతుంటే ఈ ముగ్గురూ ఊరి భాషలో ఊరి సంగతులు మాట్లాడతారు. కథాగమనంతో వాళ్లకు పనిలేకపోయినా, జనం నిద్ర ఆపుకొని కూర్చునేది వాళ్ల కోసం కూడా. తెలుగు కథలోని పోట్లాడుకునే దంపతులకు పూర్వీకులు ఈ తెర మీదే కనిపిస్తారు.

తెనాలి పేరుతో ముడిపడ్డ రామకృష్ణుడి కథలు మరో మూలం. పాండురంగ మాహాత్మ్యం రాసిన పదహారో శతాబ్దపు కవి వేరు, జనం నోళ్లలో పెరిగిన వికటకవి వేరు. ఈ రెండో రామకృష్ణుడి కథలన్నిటికీ ఒకటే అమరిక. అధికారం కృష్ణదేవరాయలవారిది, నోరు రామకృష్ణుడిది. రాజు కోపగిస్తాడు, శిక్ష వేస్తాడు, చివరికి నవ్వి వదిలేస్తాడు, మర్నాడు మళ్లీ సభకు పిలుస్తాడు. రాజగురువు తాతాచార్యులు ఓడిపోతారు, మళ్లీ పోటీకి వస్తారు. ఒక్క కథలో చూస్తే ఇది తెలివైన మాట మాత్రమే. వరసగా పది కథలు వింటే, ఒకరు లేనిదే ఒకరికి పొద్దుపోని మనుషులు కనిపిస్తారు.

ఆధునిక రచనకు పునాది

1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో బాగా పెంచి తిరగరాసిన కన్యాశుల్కంతో గురజాడ అప్పారావు తెలుగులో పాత్రగత హాస్యానికి ప్రమాణం నిలబెట్టాడు. గిరీశం గొప్పలు శిష్యుడు వెంకటేశం నమ్మకం మీద నిలుస్తాయి. అదే గిరీశం వేశ్య మధురవాణి ఎదుట తేలిపోతాడు. రామప్పంతులు బడాయి కూడా ఆమె గుమ్మం దాటి లోపలికి రాలేదు. మనిషి ఒక్కడే, ఎదుటివాడు మారితే అతనూ మారతాడని చూపిన నాటకం అది.

తరవాత చిలకమర్తి లక్ష్మీనరసింహం గణపతి, పానుగంటి లక్ష్మీనరసింహారావు సాక్షి వ్యాసాల్లోని జంఘాలశాస్త్రి, మొక్కపాటి నరసింహశాస్త్రి బారిస్టర్ పార్వతీశం వచ్చారు. వీరిలో ఎక్కువమంది లోకం మీదికి ఒంటరిగా బయలుదేరిన పాత్రలు. వాళ్లతో కలిసి నవ్వు పుట్టించే మనుషులు దారిలో తగిలి వెళ్లిపోతారు. నవ్వును ఇంట్లోకి తెచ్చి, వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టిన పని తెనాలి ప్రాంతపు బడిపంతులు చేశాడు.

మునిమాణిక్యం: కాంతం

మునిమాణిక్యం నరసింహారావు 1898లో తెనాలి దగ్గర సంగం జాగర్లమూడిలో పుట్టాడు, 1973లో కన్నుమూశాడు. ఉపాధ్యాయుడిగా బతికిన ఈ రచయిత, చాలీచాలని జీతమున్న పంతులు ఇంటినే కథాస్థలం చేసుకున్నాడు. కాంతం కథలు, నేనూ మా కాంతం, కాంతం కైఫీయతు, దాంపత్యోపనిషత్తు, కాంతం వృద్ధాప్యం వంటి రచనల్లో కాంతం యువతిగా మొదలై ముసలితనం దాకా సాగుతుంది. ఒకే దంపతుల జీవితాన్ని ఇంత కాలం వెంబడించిన హాస్య రచన తెలుగులో అరుదు.

ఈ కథల నిర్మాణం గమనించదగ్గది. చెప్పేవాడు భర్త. చదువుకున్నవాడు, రచయిత, తర్కం తెలిసినవాడు. గెలిచేది మాత్రం కాంతం. ఆమె తర్కం పుస్తకాల్లోది కాదు. ఇంట్లో ఉప్పూ పప్పూ ఎంత ఉన్నాయో, పిల్లలకు ఏం కావాలో, మొగుడు ఏ మాటకు కరుగుతాడో తెలిసిన తర్కం. ఓడిపోయిన కథను ఓడిపోయినవాడే మురిసిపోతూ చెప్పడంలో మునిమాణిక్యం ప్రత్యేకత ఉంది. భార్య మీద హాస్యాలు అంతకుముందూ ఉన్నాయి, తరవాతా వచ్చాయి. భార్య గెలుపును ప్రేమగా రాసుకున్న భర్త గొంతు ఆయనతోనే తెలుగు కథలో స్థిరపడింది. హాస్య సిద్ధాంతం మీద మన హాస్యం అనే పుస్తకం కూడా ఆయన రాశాడు. రాసేవాడే తన పని గురించి ఆలోచించి చెప్పిన గ్రంథంగా అది నేటికీ చదవదగ్గది.

భానుమతి: అత్తగారు

ఒంగోలు దగ్గర దొడ్డవరంలో 1925లో పుట్టిన భానుమతి నటి, గాయని, దర్శకురాలు, స్టూడియో అధిపతి. కథకురాలిగా ఆమె పేరు నిలబెట్టినవి అత్తగారి కథలు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వాటికి బహుమతి ఇచ్చింది.

అత్తాకోడళ్ల కథ అనగానే తెలుగు పాఠకుడు ఏడుపు కోసమో పోట్లాట కోసమో సిద్ధపడతాడు. భానుమతి ఆ రెండూ వదిలేసింది. అత్తగారిది మడీ ఆచారమూ నిండిన పాత లోకం, కోడలిది మద్రాసులోని కొత్త లోకం. అత్తగారికి తన లోకం మీద తిరుగులేని నమ్మకం, కొత్తదాని మీద అణచుకోలేని ఆసక్తి. ఆవకాయ పెట్టడం వంటి ఇంటి పని ఆమె చేతిలో మహాయజ్ఞమవుతుంది. కోడలు ఎదురు చెప్పదు, ఎత్తిపొడవదు. ఒక ప్రశ్న అడిగి ఊరుకుంటుంది, లేదా అసలు మాట్లాడకుండా చూస్తుంది. ఆ మౌనం వల్ల అత్తగారు తన మాటలతోనే ముందుకు పోయి, తన చిక్కుల్లో తానే పడుతుంది. ఇద్దరిలో ఒకరు తగ్గి నిలబడడం కూడా హాస్య నిర్మాణంలో భాగమేనని తెలుగులో ఇంత స్పష్టంగా చూపిన రచనలు తక్కువ. కోడలి వైపు నుంచి రాసినా అత్తగారి గౌరవానికి ఎక్కడా భంగం రానివ్వకపోవడం భానుమతి సంస్కారం.

తెర మీది సంభాషణ

చక్రపాణి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. 1908లో తెనాలి ఐతానగర్‌లో పుట్టాడు. బెంగాలీ రచయిత శరత్ నవలలను తెలుగు చేశాడు, యువ మాసపత్రిక నడిపాడు, నిర్మాత నాగిరెడ్డితో కలిసి 1947 జులైలో చందమామ పత్రిక ప్రారంభించాడు. ఆయన రచన చేసిన మిస్సమ్మ 1955లో విడుదలైంది. దాని మూలం రవీంద్రనాథ్ మైత్ర బెంగాలీ నాటకం. ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటించాల్సి వచ్చిన ఇద్దరు అపరిచితులు, వారిని నిజం దంపతులనుకొని ఆదరించే జమీందారు కుటుంబం, ఇదీ అమరిక. ఇంటివాళ్ల ప్రతి ఆప్యాయతా ఆ ఇద్దరికీ గండంగా మారుతుంది. పరిస్థితి ఎవరికెంత తెలుసు అన్న తేడాలోంచే నవ్వు ఎక్కువగా వస్తుంది.

గుంటూరు జిల్లాలో 1920లో పుట్టిన డి.వి. నరసరాజు నాటకరంగం నుంచి వచ్చి, 1954 నాటి పెద్దమనుషులు చిత్రానికి మాటలు రాశాడు. 1962లో వచ్చిన గుండమ్మ కథలో సూర్యకాంతం ధరించిన గుండమ్మ ఊరంతటికీ భయం. ఆమె ఇంట్లో పనివాడిగా చేరిన అంజి ఆమె గయ్యాళితనానికి బెదరడు, తిరగబడడు. ఆమె మాటనే పట్టుకొని ఆమె పని ఆమెకు కష్టం చేస్తాడు. పనివాడి వినయమే అతని ఆయుధం. నరసరాజు రాసిన ఈ సంభాషణలను వాటంతట వాటిగా కాగితం మీద చూస్తే మామూలు మాటలే. సన్నివేశంలో ఎవరి కింద ఎవరున్నారో తెలిసినప్పుడు అవి పేలతాయి.

ఆ యజమాని–పనివాడి జంటను ముందుకు తీసుకెళ్లినది 1987 నాటి జంధ్యాల చిత్రం అహ నా పెళ్లంట. ఆదివిష్ణు నవల ఆధారంగా తీసిన ఆ చిత్రంలో పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు, అతని దగ్గర నలిగిపోయే అరగుండుగా బ్రహ్మానందం నటించారు. బ్రహ్మానందం కూడా ఈ ప్రాంతం మనిషే, సొంత ఊరు సత్తెనపల్లి దగ్గర చాగంటివారిపాలెం.

శ్రీరమణ: మిథునం

వేమూరు దగ్గర వరహాపురం అగ్రహారంలో 1952లో పుట్టిన శ్రీరమణ పత్రికా రచయితగా, పేరడీ రచయితగా పేరుపొంది, 2023 జులైలో మరణించాడు. ఆయన మిథునం కథను బాపు ముచ్చటపడి తన చేతిరాతతో మొత్తం రాసిపెట్టాడు. ఎం.టి. వాసుదేవన్ నాయర్ దాన్ని 2000లో మలయాళంలోనూ, తనికెళ్ల భరణి 2012లో తెలుగులోనూ సినిమాగా తీశారు.

పిల్లలు దూరాన ఉండగా పెరటి చెట్ల మధ్య మిగిలిన ముసలి దంపతులు అప్పదాసు, బుచ్చిలక్ష్మి. తిండి దగ్గర పేచీ, కాఫీ దగ్గర పేచీ, పాత సంగతుల దగ్గర పేచీ. కథలో చెప్పుకోదగ్గ సంఘటన చాలాసేపటిదాకా జరగదు. జరిగేదల్లా ఇద్దరి మాటలే. అయితే ఆ పేచీలన్నీ ఒకరి మీద ఒకరికున్న శ్రద్ధకు వేరే రూపాలని పాఠకుడికి మెల్లగా అర్థమవుతుంది. అందుకే భర్త పోయాక బుచ్చిలక్ష్మి, తను ముందు పోతే ఆయన్ను ఎవరు చూస్తారన్న దిగులు తీరిందన్నట్టు మాట్లాడినప్పుడు గుండె పట్టేస్తుంది. అంతకుముందు నవ్విన ప్రతి నవ్వూ ఆ క్షణానికి బలమిస్తుంది. బంగారు మురుగు కథలో బామ్మకూ మనవడికీ మధ్య ఉన్నదీ ఇటువంటి పొత్తే. హాస్యం, కరుణ ఒకే బంధంలో రెండు వేళలని శ్రీరమణ కథలు రుజువు చేస్తాయి.

పనితీరు: ఒక సన్నివేశం

ఈ రచయితల పద్ధతిని చిన్న కల్పిత సన్నివేశంలో చూడవచ్చు. కల్లంలో మిరపకాయ ఎండింది. తాలు కాయలు ఏరుతూ భార్య అడుగుతుంది.

“కాయ గలగలమంటంది. యార్డుకి ఎప్పుడు తోల్తావయ్యా?”

“వారం ఆగు. రేటు పెరుగుద్ది.”

“నిరుడూ వారమే అన్నావు.”

“నిరుడు నా అంచనా తప్పలా. రేటే తప్పింది.”

“సరే. ఈసారి నీ అంచనా ఏందో ముందుగా ఆ రేటుకి చెప్పిరా.”

ఇందులో ఎవరూ హాస్యమాడడం లేదు. అతను తన లెక్కను నిజంగా నమ్ముతున్నాడు. ఆమెకు తీర్చాల్సిన అప్పు కళ్ల ముందుంది. ఇద్దరికీ పంట ఒకటే, భయం ఒకటే, దారులు వేరు. నిరుటి నష్టాన్ని ఆమె ఒక్క మాటలో గుర్తుచేసి వదిలేసింది, దెప్పలేదు. అతను తన మర్యాద కాపాడుకోవడానికి తప్పును రేటు మీదికి నెట్టాడు. ఆమె ఆ సాకును కాదనకుండా, దాన్నే ఇంకో అడుగు ముందుకు నడిపించింది.

ఇప్పుడు ఆఖరి మాటను భార్య నోట్లోంచి తీసి గుంటూరు మిర్చి యార్డులోని కమీషన్ వ్యాపారి నోట్లో పెడితే అది అవమానమవుతుంది. రైతు కడుపు మండుతుంది, పాఠకుడికీ మండుతుంది. కొడుకు నోట్లో పెడితే పెడసరమవుతుంది. మిర్చి బస్తాలు మోసే ముఠా మేస్త్రి నోట్లో పెడితే కథ వేరే తగాదాలోకి పోతుంది. మాట మారలేదు, మనిషి మారాడు. హాస్యం వాక్యంలో కంటే బంధంలో ఎక్కువగా ఉంటుందనడానికి ఇంతకంటే సులువైన పరీక్ష లేదు.

దీన్నిబట్టి రచయితకు పనికొచ్చే సూత్రాలు కొన్ని తేలతాయి. రెండు పాత్రలకూ కావలసినవి వేరు వేరుగా ఉండాలి, ఇద్దరూ తమ కోరికను మనస్ఫూర్తిగా నమ్మాలి. వాళ్లు నవ్వకూడదు, నవ్వు పాఠకుడిది. పైచేయి ఎవరిదో మొదట తెలియాలి, తరవాత అది తారుమారు కావాలి. ఇద్దరి మాటతీరు ఒక్కలా ఉండకూడదు, పేర్లు తీసేసినా ఎవరి మాట ఏదో తెలియాలి. దెబ్బ తగిలాక వివరణ ఇవ్వకుండా కథ ముందుకు సాగాలి.

వరసలు, మాట

తెలుగు రచయితకు వరసలే పెద్ద పెట్టుబడి. బావామరదళ్లకు, బావాబావమరుదులకు, తాతామనవలకు మేలమాడే చనువుంది. మామగారికీ కోడలికీ, అత్తగారికీ అల్లుడికీ మధ్య మాట ఆచితూచి నడుస్తుంది. మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1940లో మేలమాడే బంధుత్వాల మీద రాసిన వ్యాసంలో, ఇటువంటి చనువు బంధంలోని ఒత్తిడిని సర్దుబాటు చేసే ఏర్పాటు అన్నాడు. కథకుడికి రెండు రకాల వరసలూ పనికొస్తాయి. చనువున్న చోట మాట దూకుతుంది, చనువు లేని చోట మింగిన మాట నవ్విస్తుంది.

యాస రెండో పెట్టుబడి. ఈ మైదానంలోనే తెనాలి మాట, పల్నాటి మాట, ఒంగోలు మాట ఒకటి కావు. ‘ఏంది’, ‘యాడ’, ‘చేస్తంది’, ‘పోలా’ వంటి పలుకులు పాత్ర ఊరినీ, చదువునూ, మనసు స్థితినీ ఒకేసారి పట్టిస్తాయి. యాసను వెక్కిరించడానికి వాడితే పాత్ర బొమ్మగా మారుతుంది. ఆ యాసలోని తెలివిని చూపితే మనిషిగా నిలుస్తుంది.

హద్దులు

పాత్ర స్థానంలో కులమో, అంగవైకల్యమో, ఒంటి రంగో వచ్చి కూర్చున్నప్పుడు హాస్యం చెడిపోతుంది. కాళ్లకూరి నారాయణరావు చింతామణి నాటకం దీనికి చేదు ఉదాహరణ. వ్యసనం కుటుంబాలను ఎలా కూలుస్తుందో చెప్పడానికి పుట్టిన ఆ నాటకాన్ని ఊరూరా ఆడుతూ ఆడుతూ, సుబ్బిశెట్టి పాత్రకు మూలంలో లేని మాటలు చేర్చుకుంటూ పోయారు. ఒక మనిషి బలహీనత క్రమంగా ఒక కులం మీద ఎగతాళిగా మారింది. ఆర్యవైశ్య సంఘాల అభ్యంతరాల తరవాత 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. నిషేధం మీద అభిప్రాయాలు వేరుగా ఉండవచ్చు. పాత్రను వదిలి సముదాయాన్ని పట్టుకున్న నవ్వు గాయం చేస్తుందన్నది మాత్రం కాదనలేని విషయం.

స్త్రీ పాత్రల విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరం. గయ్యాళి అత్త, నోరుపెట్టే పెళ్లాం అచ్చులు పోసినట్టు వచ్చిపడ్డ కథలూ సినిమాలూ కోకొల్లలు. కాంతాన్నీ, భానుమతి అత్తగారినీ, బుచ్చిలక్ష్మినీ వాటి నుంచి వేరు చేసేది ఒక్కటే. ఈ ముగ్గురికీ తమవైన కారణాలున్నాయి, ఆ కారణాలను రచయితలు గౌరవించారు.

ఇంకా రాయని బంధాలు

ఈ సంప్రదాయంలో ఎక్కువ భాగం అగ్రహారపు వసారాల్లో, పంతుళ్ల ఇళ్లలో, మధ్యతరగతి లోగిళ్లలో నడిచింది. ఇతర జిల్లాల రచయితలు ఆ గడప దాటి చూపించారు. నెల్లూరు జిల్లా కావలి నేపథ్యంగా మహమ్మద్ ఖదీర్‌బాబు దర్గామిట్ట కతలు, చిత్తూరు పల్లెల నుంచి నామిని సుబ్రహ్మణ్యం నాయుడు కతలు పేద ఇళ్లలోని తల్లీబిడ్డల నవ్వునూ ఆకలినీ ఒకే చోట పెట్టాయి.

గుంటూరు, ప్రకాశం మెట్టలో అటువంటి పనికి ముడిసరుకు కావలసినంత ఉంది. మిర్చి కోతకు వచ్చిన కూలీ ముఠాకూ రైతుకూ మధ్య బేరం, కౌలుదారుకూ ఆసామికీ మధ్య మర్యాదలు, శీతల గిడ్డంగి గుమాస్తాకూ సరుకు దాచిన రైతుకూ మధ్య ఎదురుచూపులు, పత్తి తీసే ఆడవాళ్లు సాలు వెంట సాగించే మేలాలు, చదువుకోసం గుంటూరు హాస్టల్లో చేరిన పిల్లకూ వార్డెనుకూ మధ్య దినదిన గండాలు. ఇవన్నీ ఒకరినొకరు వదిలి పోలేని మనుషుల కథలే. మునిమాణిక్యం తన ఇంటిని ఎంత శ్రద్ధగా విన్నాడో అంత శ్రద్ధగా ఆ చేలనూ యార్డులనూ వినే రచయితలు పూనుకుంటే, ఈ నేల నుంచి తెలుగు హాస్యానికి కాంతం అంతటి మనుషులు మళ్లీ వస్తారు.